అక్క మార్పించిన స్ప్రింగులు

పోయిన నెల మా ఎదురింటి అక్క పోయింది. ఆ సంగతి నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు, నా చెవిన పడింది. పొద్దున నేను ఎస్టీడీ బూత్ షట్టరెత్తి, అద్దాలు తుడిచి, మీటరు ఆన్ చేస్తుంటే ఆమె మరిది వచ్చాడు. నాతో ఒక్క ముక్క మాట్లాడకుండా క్యాబిన్‌లోకి వెళ్ళి తలుపేసుకుని, కడప జిల్లాలో ఎక్కడెక్కడో ఉన్న చుట్టాలకి ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు కలిపాడు. మొదటి ఫోన్లో "వదిన పోయిందబ్బా" అన్నాడు. రెండో ఫోన్లో "మా వదిన పోయింది" అన్నాడు. మూడో ఫోన్లో రిసీవరు చేత్తో పట్టుకునే గోడకి నుదురానించి ఏడ్చాడు.

వాళ్ళింట్లో ఫోనుంది. ఫోనున్న మనిషి నా బూత్‌లో ఏడవడమెందుకు? నాకు చూపించడానికేనా? నాకు ముందు వచ్చిన ఆలోచన ఇదే. జనం నిండిపోయిన ఇంట్లో ఏడవలేక వచ్చాడేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ క్షణంలో మాత్రం అద్దం ఇవతల కూర్చుని, ఏడుస్తూ ఏడుస్తూ మీటరు వైపు చూస్తున్నాడా లేదా అని గమనించాను. చూడలేదు. అయినా నమ్మలేదు. ఈ అనుమానపు జబ్బు నాకు పుట్టుకతో లేదు. చచ్చిపోయిన ఆ మహాతల్లే అంటించింది.

నా సంగతి రెండు ముక్కలు చెప్పి పక్కకు తప్పుకుంటాను. బళ్ళో నేను చదివింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా ఈ అద్దం అవతలి మనుషుల పెదాల మీద చదివాను. దుబాయికి మాట్లాడేవాడు అరుస్తాడు, వాడికి దూరమంటే అదే లెక్క. ప్రేమించినవాడు రిసీవరు చుట్టూ చెయ్యి అడ్డం పెడతాడు. అప్పులవాడు నిలబడే మాట్లాడతాడు. మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీల గుండ్రటి గాజు మేడ లేచాక కొత్త రకం ఒకటి బయల్దేరింది. మెడలో గుర్తింపు కార్డు, నోట్లో ఇంగ్లీషు, చేతిలో చిల్లర ఉండదు. ఇలా ఎక్కడికో వెళ్ళిపోతాను నేను. "నువ్వు పక్కనుండే చందానగర్ పోవల్లంటే షోలాపూర్ మీద పోతావు కదప్పా" అనేది అక్క.

అక్క వాళ్ళది రాయలసీమ. భర్త, భర్త తమ్ముడు కలిసి ఇక్కడికొచ్చినప్పుడు మదీనాగూడంటే బొంబాయి రోడ్డు పక్కన రాళ్ళూ తుమ్మచెట్లూ తప్ప ఏమీ లేవు. అన్నదమ్ములిద్దరూ కంకర వ్యాపారం చేసి, పక్కపక్కనే రెండిళ్ళు కట్టుకున్నారు. ఊరి చివర ఇళ్ళని భయమో, ఊళ్ళో అలవాటో, ఇద్దరూ ఒకే రోజు ఒకే దుకాణంలో రెండు రివాల్వర్లు కొనుక్కున్నారు, లైసెన్సులతో సహా. ఇద్దరివీ ఒకే రకం, ఒకే సైజు. కవల పిల్లలకి చొక్కాలు కొన్నట్టు కొన్నారని అక్క ఎగతాళి చేసేది. పెద్దాయన పోయాక, స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి, ఆ రివాల్వరు లైసెన్సు తన పేరున మార్పించుకుంది.

ఆమెకు నమ్మకమన్న వస్తువు ఇంట్లోనే ఉండేది కాదు. పాలవాడు పాలు పోస్తే గోటి మీద చుక్క వేసుకుని అది జారే తీరు చూసేది. గ్యాస్ బండ వస్తే భుజం ఆనించి ఊపేది. నా బూత్‌లో మాట్లాడుతూ మీటరుకి పోటీగా తన చేతి గడియారం చూసుకునేది. నేను చిన్నబుచ్చుకుంటే, "అందరూ మంచోళ్ళేనప్పా, నిద్రపోయినప్పుడు. అప్పుడు గూడ కండ్లు నిజంగా మూసుకున్నారో లేదో చూడల్ల" అనేది.

ఆ అనుమానమే ఒకసారి నా బతుకు నిలబెట్టింది. నా బూత్ బిల్లు నేను చేయించిన కాల్స్ కంటే ఎక్కువ వస్తుంటే, నా లెక్క తప్పనుకుని నాలో నేనే కుళ్ళిపోతున్నాను. అక్క వచ్చి స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి చెవి రిక్కించి, "నీ ఫోను దగ్గుతాంది" అంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఫోను లోపల ఉండుండి సన్నగా టింగుమంటోంది. నేను అన్నాళ్ళుగా వింటూనే ఉన్నాను, ఎన్నడూ పట్టించుకోలేదు. అక్క లేచి, వైరు వెంట చూపు పోనిస్తూ వీధి చివరి స్తంభం దాకా నడిచింది. అక్కడ డబ్బాలో నా లైనుకి ఇంకో వైరు తగిలించి ఎవరో హాయిగా మస్కట్‌తో మాట్లాడుకుంటున్నారు. ఆ రోజు నుంచి ఆమె నా గడియారం తప్పంటే తిప్పి పెట్టుకున్నానే గానీ ఎదురు చెప్పలేదు.

ఫోనంటే గుర్తొచ్చింది. ఆ రెండిళ్ళకీ కలిపి ఒకటే ఫోను ఉండేది. అసలు యంత్రం మరిది హాల్లో, దాన్నుంచి లాగిన తీగ అక్క వంటింట్లో. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ బాగానే నడిచింది. ఆయన పోయాక, తను మాట్లాడుతుంటే అటువైపు ఎవరో ఊపిరి పీలుస్తున్నారని అక్కకి అనుమానమొచ్చింది. ఒకనాడు మాట మధ్యలో ఆపి, "వింటివా? బాగ వింటివా?" అని అరిచి, వక్కలు కత్తిరించే అడకత్తెర తెచ్చి తీగని రెండు ముక్కలు చేసింది. అప్పటినుంచి నా బూతే ఆమె ఫోను. మరిదితో మాటలు కూడా ఆ తీగతోనే తెగిపోయాయి.

అసలు గొడవ రెండిళ్ళ మధ్య గోడది. గాజు మేడ లేచాక మదీనాగూడ రాళ్ళకి కూడా రేటొచ్చింది. ఒక బిల్డరు వచ్చి, రెండిళ్ళూ కలిపి ఇస్తే అపార్ట్‌మెంట్లు లేపుతానన్నాడు. మరిది సరేనన్నాడు. అక్క ససేమిరా అంది. "నేను నిలబడిన నేల నా పేరున ఉండల్ల. మూడో అంతస్తులో గాలి నా పేరున రాస్తాడంట!" అని నా దగ్గర చిందులు తొక్కింది. గోడ కొట్టేస్తే ఆడమనిషి దిగొస్తుందనుకున్నాడో ఏమో, ఒకనాడు మరిది గడ్డపారలతో కూలీలను తెచ్చాడు. నేను బూత్ లోంచి చూస్తున్నాను. అక్క లోపలికెళ్ళి రివాల్వరుతో వచ్చింది. ఆకాశం వైపు ఎత్తింది. బెదిరించడానికి ఒకటి పేల్చాలని ఆమె ఉద్దేశం.

పేలలేదు. గుండు చెడిపోయి కాదు. ట్రిగ్గరు కదల్లేదు. ఆమె వేళ్ళు అప్పటికే కీళ్ళవాతంతో అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయి ఉన్నాయి. ఒక వేలితో నొక్కింది, రెండు వేళ్ళతో నొక్కింది, రెండో చెయ్యి కూడా వేసి పళ్ళ బిగువున నొక్కింది. అయినా గుండుని వెనకనుంచి తట్టే ఇనప గుర్రం లేవలేదు.

"ఏం వదినా, కష్టంగా ఉందా? నేనొచ్చి నొక్కిపెట్టల్నా?" అన్నాడు మరిది.

కూలీలు నవ్వారు. మరిది ఇంకా గట్టిగా నవ్వాడు. ఈ లోపల వీధి జనం అడ్డుపడటంతో గోడ నిలిచింది. కానీ ఆ నవ్వు ఆమె మొహంలో ఎక్కడ గుచ్చుకుందో నేను చూశాను. తెల్లారి బూత్‌కొచ్చి, ఎవరికీ ఫోన్ చెయ్యకుండానే అడిగింది.

"తమ్ముడా, తుపాకులు బాగు చేసే దుకాణం టౌన్లో యాడుంది?"

"ఎందుకక్కా?"

"గట్టిగుంది. మెత్తగా చేపియ్యల్ల."

నేను వద్దన్నాను. "వానితోటి పంచాయితీ ఉంటే పెద్దమనుషుల్ల పెట్టుకుందాం గానీ, గిదేంది? గిట్ల చేస్తె ఎట్లక్కా?" అన్నాను. ఆమె నావైపు అదోలా చూసింది. "వానితో నువ్వేమైనా మాట్లాడుకున్నావా?" అని అడిగింది. ఇక నేను నోరు మూసుకుని కండువా వేసుకున్నాను. ఒక్కతే వెళ్తే ఇంకేం చేస్తుందోనన్నది నా భయం.

బస్సులో ఆమె సంచిని ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటువాడి చేతులు ఎక్కడున్నాయో చూస్తూ కూర్చుంది. నేను ఆమె చేతులు ఎక్కడున్నాయో చూస్తూ కూర్చున్నాను. దుకాణం యజమాని గడ్డం నెరిసిన ముసలాయన, ప్రభుత్వపు అనుమతున్న దుకాణమే. లైసెన్సు పుస్తకం ముందూ వెనకా తిప్పి చూశాడు. అందులోని ఫొటోనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. అనుమానంలో ఇద్దరూ సరిసమానం. నాకు ముచ్చటేసింది.

"అమ్మా, జర నా మాట వినుండ్రి. ట్రిగ్గర్ సఖ్తుగ, గట్టిగ ఉండుడే మంచిది. కోపంల ఉన్నోనికి ఆగి సోచాయించుకునేటందుకు జర టైం దొరుకుతది."

"నా కోపం సంగతి నీకేలప్పా? నా వేళ్ళు చూడు."

ఆయన ఆమె వేళ్ళు చూశాడు. మెత్తబడ్డాడు. లోపల రెండు స్ప్రింగులుంటాయని, ఒకటి గుర్రాన్ని విసిరేది, ఇంకొకటి ట్రిగ్గరుని వెనక్కి తెచ్చేది అని, వాటి బదులు మెత్తటివి వేస్తే వేలికి సుఖమని చెప్పాడు. కానీ మరీ మెత్తటివి వేస్తే గుర్రానికి విసురు చాలక, గుండు వెనక తట్టి ఊరుకుంటుందట, పేలదట. "వేలు ఖుష్ అయితె గుండు నారాజ్ అయితది, గుండు ఖుష్ అయితె వేలు నారాజ్. నడిమిది వేస్త" అన్నాడు.

"తీసినవి నాకియ్యల్ల" అంది అక్క.

"పాత స్ప్రింగులు నేనేం జేస్కుంటనమ్మా? ఊరగాయ పెట్టుకుంటనా?"

"ఏమో, ఎవురికి తెలుసు!"

ఆయన పని చేస్తున్నంతసేపూ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. అయ్యాక, ఖాళీదాన్ని ఆమె చేతికిచ్చి నొక్కమన్నాడు. నొక్కింది. వెన్న ముద్దలో వేలు దిగినట్టు దిగింది. టిక్కుమంది. మళ్ళీ నొక్కింది. ఆమె మొహంలోకి ఒక చిన్నపిల్ల వచ్చి వెళ్ళింది. నాకు మాత్రం అది నచ్చలేదు. ఎందుకంటే ఆ సంతోషంలో ఆమె ఎదురుగోడ వైపు చూడట్లేదు, ఎదురుగోడ మీద ఎవరినో ఊహించుకుని చూస్తోంది. తిరుగు బస్సులో అడిగేశాను.

"నిజం చెప్పక్కా. మీ మరిదిని కాలుస్తవా?"

"కాల్చేదానికి గాదు."

"మరి?"

"ఇంగోసారి ఎత్తినప్పుడు నవ్వకుండా ఉండేదానికి."

నేను నమ్మలేదు. నేర్పించింది ఆవిడేగా.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే మీకు తెలిసిందే, లైసెన్సున్న తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పగించి, ఓట్లు ముగిశాక తెచ్చుకోవాలి. మరిది తనది ఇచ్చాడు. అక్క తనది ఇచ్చింది. ఆ కొన్ని వారాలూ నేను హాయిగా నిద్రపోయాను. ఎన్నికలు ఎవరికి మేలు చేసినా చేయకపోయినా మా వీధికి చేశాయి.

ఓట్లయ్యాక తెచ్చుకోవడానికి అక్కతో నేనూ వెళ్ళాను. కానిస్టేబుల్ గుడ్డ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అక్క సంచి ముడి చూసింది. వాసన చూసింది. గుండ్లు ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూసింది.

"ఏందమ్మా గట్ల చూస్తవు? మేం దొంగలమా?"

"పోలీసోళ్ళు గదా. అదే చూస్తాండా."

సంతకం పెట్టి తెచ్చుకుంది. మరిది అప్పటికే వచ్చి తనది తీసుకెళ్ళాడని కానిస్టేబుల్ చెప్పాడు.

సాయంకాలం అయిందో లేదో అక్క నా బూత్ మీదికి విరుచుకుపడింది. సంచి నా బల్ల మీద పెట్టి, "ఎవురు మార్చినారు?" అంది. ట్రిగ్గరు మళ్ళీ రాయిలా ఉందట. ముందు పోలీసుల మీద పడింది. తర్వాత దుకాణం ముసలాయన మీద, ఆయన కావాలనే నాసిరకం స్ప్రింగులు వేశాడని. తర్వాత నా మీద. "వద్దు వద్దంటివి. నువ్వే చేపిచ్చినావా?" అంది. నేను రామకోటి రాసుకునే మనిషిని, నాకు స్క్రూ తిప్పడమే రాదని ప్రమాణం చేశాను. చివరికి విసుగొచ్చి, లైసెన్సు పుస్తకంలో నంబరుంటుంది కదా, దాంతో పోల్చి చూడమన్నాను. కళ్ళజోడు నాది ఆమె పెట్టుకుంది, ఆమెది నేను పెట్టుకున్నాను. చూశాం.

చివరి అంకె ఒక్కటి తేడా.

ఆమె అనుమానమంతా మనుషుల మీదే. గుడ్డ మీద, ముడి మీద, గుండ్ల మీద అనుమానించింది గానీ ఇనుము మీది అంకెలు చూడాలని ఆమెకి తట్టలేదు. ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు, ఒకటే వీధి. ఒకే రోజు కొన్నవి కాబట్టి నంబర్లూ ఒకదాని పక్కన ఒకటి. సంచికి కట్టిన చీటీ మీద ఇంటిపేరే ఉంది. కానిస్టేబుల్ ఇది అటు, అది ఇటు ఇచ్చేశాడు.

"అంటే ఇది వానిది" అంది అక్క.

"నీది వాని దగ్గర ఉన్నది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మరిదికి ఒక పాడు అలవాటుండేది, వీధిలో అందరికీ తెలుసు. ఎవరైనా వస్తే రివాల్వరు తీసి చేత్తో ఆడిస్తూ మాట్లాడేవాడు. మాట నొక్కి చెప్పవలసి వస్తే ట్రిగ్గరుని కొద్దిగా నొక్కి, గుర్రం సగం లేచేదాకా తెచ్చి, మళ్ళీ వదిలేవాడు. ఎదుటివాడికి చెమటలు పట్టేవి. ఎంత నొక్కితే ఎంత లేస్తుందో ఆయన వేలికి ఏళ్ళ తరబడి అలవాటు. ఆ వేలికి తెలిసినది గట్టి ట్రిగ్గరు. ఇప్పుడు చేతిలో ఉన్నది వెన్నముద్ద.

బిల్డరు కారు వాళ్ళ గేటు ముందు ఆగి ఉంది. నా బూత్ లోంచి కనిపిస్తోంది.

అక్క స్టూలు మీద కూర్చుంది. ఆమె ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్క అడుగు వేయకుండా, వాడు చచ్చినా, బిల్డరుని చంపి జైలుకెళ్ళినా, గోడ తనదవుతుంది, నవ్విన నోరు మూతపడుతుంది. తప్పు పోలీసులది, వేలు వాడిది. ఆమెను వేలెత్తి చూపేవాడు కూడా ఉండడు. ఈ లెక్క నాకు తట్టిందంటే ఆమెకు అంతకుముందే తట్టి ఉండాలి. ఆమె మొహంలోకి చూశాను. ఏమీ దొరకలేదు. కూర్చుంటుందనే అనుకున్నాను. చెప్పాను కదా, నమ్మకం పోయిన మనిషిని.

క్యాబిన్‌లో మెడలో కార్డున్న కుర్రాడొకడు ఇంగ్లీషులో ఎవరికో కంప్యూటరు సంగతులు వివరిస్తున్నాడు. అక్క లేచింది. అరచేత్తో అద్దం మీద దబదబా బాదింది.

"బయటికి రా నాయనా!"

"ఒన్ మినిట్ ఆంటీ, ఆఫీస్ కాల్."

"నీ ఆఫీసు నెత్తిన నిప్పులు పొయ్య, బయటికి రాప్పా! మనిషి చచ్చిపోతాండాడు!"

కుర్రాడు బయటపడ్డాడు. ఆమె చూసుకోకుండానే నంబరు నొక్కింది. అది ఒకప్పుడు తన సొంత నంబరే కదా. తలుపు వేసుకోలేదు కాబట్టి రెండువైపుల మాటలూ నాకు వినిపించాయి. మరిది గొంతు మొదటి నుంచీ గట్టిదే.

"ఎవరు?"

"నేను." ఎన్నాళ్ళ తర్వాతో ఆ మాట. "నీ తుపాకి ముట్టుకోవద్దు. అది నాది. స్టేషన్లో మారిపోయినాది. నేను స్ప్రింగులు మార్పిచ్చినా, మెత్తగుంటాది. కింద పెట్టు."

 అటునుంచి అదే నవ్వు, గోడ దగ్గర నవ్విన నవ్వు. "ఓహో! బిల్డరు వచ్చిండేది చూసి ఫోన్ చేసినావా? నన్ను భయపెట్టల్లనా?" తర్వాత రిసీవరు కొంచెం దూరం జరిపి, పక్కనున్నవాళ్ళతో అన్న మాట కూడా వినిపించింది. "చూడండి సార్, మా వదిన నాటకం. నా తుపాకి ఆమెదంట! మెత్తగైందంట! ఇదో, రోజూ నొక్కేదే గదా..."

"నొక్కవాకరా!" అని అక్క అరిచింది.

ఆ మోత నాకు రెండు చెవుల్లో రెండు రకాలుగా వినిపించింది. ఒకటి ఫోన్ లోంచి, ఒకటి వీధిలోంచి. స్ప్రింగు మెత్తబడితే గుండు అలగవచ్చన్న దుకాణదారు మాట ఆ సాయంకాలం వమ్మయింది. పావురాలు లేచిపోయాయి. తర్వాత ఎటువైపూ చప్పుడు లేదు.

అక్క రిసీవరుని రెండు చేతుల్తో పట్టుకుంది. 

"ఒరేయ్... పలకరా. పలుకు నాయనా. నాయనా!"

ఆమె కాపురానికి వచ్చేటప్పటికి ఆ మరిది నిక్కరు వేసుకునే వయసువాడట. అప్పట్లో అలా పిలిచేదట. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, నేనెన్నడూ వినని గొంతొకటి ఆమెలో ఉందని.

చాలాసేపటికి అటునుంచి నీరసంగా ఒక మాట వచ్చింది.

"వదినా... సోఫా."

"ఏమిరా?"

"సోఫా పోయింది వదినా."

అక్క రిసీవరు పెట్టకుండానే కింద కూలబడింది. ఏడ్చిందో నవ్విందో నేను చెప్పలేను. గుండు బిల్డరు కూర్చున్న సోఫా చేతి లోంచి, ఆయన మోచేతిని తప్పించుకుని దిగిపోయిందట. బిల్డరు చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కాడు. మళ్ళీ మదీనాగూడ వైపు రాలేదు. వాళ్ళ అపార్ట్‌మెంట్ల నక్షా చుట్ట ఆ హాల్లోనే పడి ఉండిపోయింది.

మర్నాడు ఇద్దరూ ఒకే ఆటోలో స్టేషన్‌కి వెళ్ళి, ఎవరిది వాళ్ళు మార్చుకున్నారు. మధ్యలో నన్ను కూర్చోబెట్టారు, సరిహద్దు రాయిలా.  చందానగర్ దగ్గర మరిది నా మీదుగా వంగి అడిగాడు.

"నాకోసమేనా మార్పిస్తివి?"

"నీకోసమే."

"చంపుదామనా?"

"నువ్వు నవ్వినావు గదా. ఆ నవ్వు ఆపుదామని."

మరిది ఇంకొంచెం వంగాడు. "అయితే ఫోన్ ఎందుకు చేసినావు?"

"నువ్వు చస్తే గూడ నవ్వుతానే చస్తావు. అందుకని" అంది అక్క. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న నాకు, అది తిట్టో ముద్దో తేల్చుకోవడానికి ఇంకొంత వయసు కావాలి.

ఇంతటితో వాళ్ళు కలిసిపోయారని రాస్తే మీరు సంతోషిస్తారు. అక్క ఒప్పుకోదు. మరిది చందానగర్ మార్కెట్లో, "ఆమె ఫోన్ చేసి రెచ్చగొట్టకపోతే నేను నొక్కేవాణ్ణే కాదు" అని ప్రచారం చేశాడు. అక్క, "సోఫా మార్చల్లనుకున్నాడు, పెండ్లాం ఒప్పుకోల్యా, అందుకే కాల్చినాడు" అని చెప్పుకుంది. కానీ గోడ జోలికి మళ్ళీ గడ్డపార రాలేదు. పండగలకి గోడ మీదుగా గిన్నెలు వెళ్ళడం, రావడం మొదలైంది. గిన్నె వస్తే ముందు పిల్లికి కొంచెం పెట్టి చూసేది అక్క. అటువైపు కూడా అంతేనట.

రివాల్వరు మళ్ళీ గట్టి చేయించమని నేను ఎంత పోరినా వినలేదు. "నా వేళ్ళేమైనా బాగయినాయా?" అనేది. కాకపోతే మళ్ళీ ఎన్నడూ దాన్ని ఎవరి ముందూ ఎత్తలేదు. ఎత్తే అవసరం రాలేదో, ఎత్తితే ఏం జరుగుతుందో చెవులారా విన్నదో.

దవాఖానలో ఆఖరిసారి చూసినప్పుడు, షుగరు ముదిరి మనిషి సగమైపోయింది. సెలైన్ చుక్కలు పడే తీరుని అనుమానంగా చూస్తోంది. "ఆ నర్సు దాన్ని తొందరగా వదులుతాంది" అంది. నేను చాలాకాలంగా నాలుక చివర పెట్టుకున్న ప్రశ్న అడిగాను.

"ఆనాడు నువ్వు స్టూలు మీద కూసున్నవు. జరసేపు లేవలే. ఏం సోచాయిస్తున్నవు?"

నా వైపు చూసింది. "నువ్వు ఏమనుకున్నావు?"

"లేవవు అనుకున్న."

"నేనూ అట్లనే అనుకున్నా తమ్ముడా" అంది అక్క. "కూర్చుందాం అనుకున్నా. వాని నవ్వు గుర్తుకొస్తాంటే కూర్చున్నా. అంతలోపల వాని చేయి గుర్తొచ్చినాది. అన్నం కలిపి పెడితే వేలు కొరికేవాడు, చిన్నప్పుడు. ఆ వేలే గదా అది అనిపిచ్చినాది."

ఇన్నేళ్ళలో ఆమె మాటని నేను తూచకుండా, తిప్పి చూడకుండా పుచ్చుకున్నది ఆ ఒక్కసారే.

కర్మకాండ అయ్యాక కానిస్టేబుల్ వచ్చాడు. మనిషి పోతే లైసెన్సు పోతుంది, ఆయుధం స్టేషన్‌కి చేరాలి. బీరువాలోంచి దాన్ని ఆయనే తీశాడు. గుండ్లన్నీ బల్ల మీద రాల్చాడు. లోపల ఏమీ లేదని మాకు తిప్పి చూపించాడు. గుడ్డ సంచిలో వేసి మూతి కట్టి, మరిదిని సంతకానికి రమ్మని, తన మోపెడ్ వెనక ఎక్కమన్నాడు. మరిది ఎక్కలేదు. రోడ్డు గతుకులుగా ఉందన్నాడు. సంచి తనే అందుకుని నడిచాడు. కానిస్టేబుల్ నవ్వుకుంటూ మోపెడ్‌ని మెల్లగా ముందు పోనిచ్చాడు.

నేను వెనక నడిచాను. బొంబాయి రోడ్డు మీద లారీలు హారన్లతో గుండెలు అదరగొడుతున్నాయి. మరిది సంచిని ఒంటికి దూరంగా, రెండు అరచేతుల్లో మోస్తున్నాడు, పసిగుడ్డుని స్నానానికి తీసుకెళ్తున్నట్టు. బరువు మారినప్పుడల్లా ఆగి సర్దుకుంటున్నాడు. పాపం, తలగొరిగించుకున్న మనిషి, ఎండ మాడుస్తోంది కదా అని దగ్గరికెళ్ళి, "జర ఇటియ్యండి, నేను మోస్త" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. "నీకేలప్పా?" అన్నాడు.

అచ్చంగా అక్క చూపు. నేను నాలుగడుగులు వెనక్కి తగ్గాను. ఆయన మళ్ళీ నడవసాగాడు. రివాల్వరులో గుండ్లు లేవని కళ్ళారా చూసిన మనిషే. అయినా కుడిచేతి చూపుడు వేలుని మిగతా వేళ్ళ నుంచి విడదీసి, సంచికి తగలకుండా, నిటారుగా గాలిలో నిలబెట్టి పట్టుకుని, స్టేషన్ గేటు దాటేదాకా అలాగే నడిచాడు.